ప్లగ్గున నిప్పు పుట్టనపుడు: చిన్న యింజనులలో లోపమును వెదకు క్రమము

కృష్ణా డెల్టా గ్రామములలో నేడు మోటారు సైకిలు లేని రైతు ఇల్లు అరుదు. ఎరువు బస్తాను పొలమునకు చేర్చుటకును, పాలబిందెను కేంద్రమునకు తెచ్చుటకును, రాత్రివేళ వంతు నీరు చూచుకొనుటకై కాలువ కట్టమీద పోవుటకును అదియే సాధనము. దానికి తోడు మందు చల్లు తైవాన్ స్ప్రేయరు, గట్లమీద గడ్డి కోయు యంత్రము మొదలగు చిన్న పెట్రోలు యింజనులు మన సభ్యుల పాకలలో ఒక్కొక్కటిగా చేరినవి. పరదేశములలో బురదనేలపైనను మట్టిదిబ్బలపైనను పరుగెత్తించుటకే ప్రత్యేకముగా మోటారు సైకిళ్లను చేయుదురు. అది వారికి వేడుక. మన రైతు రోడ్డునకై చేసిన సాధారణమైన బండినే భాద్రపదమాసపు రేగడి బురదలో దింపి, వెనుక ఒక మనుష్యుని, ముందు ఒక యూరియా బస్తాను ఎక్కించి, అంతకంటె కఠినమైన పని చేయించుచున్నాడు.

ఇట్టి యింజను ఒకనాడు ఎంత కిక్కు కొట్టినను పలుకదు. పెట్రోలు ఉన్నది, నిన్నటివరకు నడచినది, నేడు నడువదు. మెకానిక్కు వచ్చి "ప్లగ్గుకి కరెంటు రావటం లేదు" అనును. ఆ మాట తరచుగా నిజమే. కాని కరెంటు ఎచ్చట ఆగినదో చూడక, ఊహమీద ఒక్కొక్క వస్తువును మార్చుచు పోవుటవలన రైతునకు సొమ్మును, అంతకంటె విలువైన దినములును నష్టమగుచున్నవి.

గత సార్వాలో, వరి పొట్టదశలో ఉండగా, సుడిదోమ కనబడిన యొక గ్రామమునకు మేము ప్రదర్శన నిమిత్తము పోయితిమి. సుడిదోమ దుబ్బుల మొదళ్లలో చేరి రసము పీల్చును. ఆలస్యమైనచో చేను గుండ్రని మచ్చలుగా ఎండి సుడులు పడును. కావున అప్పుడు రైతునకు ప్రతి దినమును లెక్కయే. అచ్చట ఒక సభ్యుని స్ప్రేయరు యింజను పలుకకున్నది. ఆయన అప్పటికి రెండుమార్లు పట్టణమునకు పోయి, మొదట ప్లగ్గును, తరువాత కాయిలును, ఆపై కార్బొరేటరును కొని తెచ్చి బిగించెను. "అన్నీ మార్చానండి, ఇంకేం మార్చమంటారు?" అని మమ్ము అడిగెను. యంత్రము పైతొడుగు విప్పి చూడగా, ఆపు స్విచ్చినుండి వచ్చు సన్నని తీగ యింజను అదరునకు ఒరసికొని, పైపొర అరిగి, లోని రాగి యింజను లోహమునకు తగులుచుండెను. నల్లటేపు నాలుగు చుట్లు చుట్టగా మూడవ లాగునకే యింజను అందుకొన్నది. కొన్న వస్తువులను దుకాణమువారు తిరిగి తీసికొనలేదు. ఒకమారు బిగించిన విద్యుత్సామగ్రిని తిరిగి తీసికొనకుండుట ఆ వర్తకములో వాడుక.

కావున ఈ వ్యాసమున మేము చెప్పదలచినది కొనుటకు ముందు చేయవలసిన పరీక్షను గూర్చియే. ఆ పరీక్ష ప్లగ్గు వద్ద ఆరంభించి, తీగను పట్టుకొని, వెనుకకు ఒక్కొక్క అడుగుగా నడువవలెను.

నిప్పురవ్వ ఎట్లు పుట్టును

అయస్కాంతము తీగచుట్ట దగ్గర కదలినయెడల ఆ తీగలో విద్యుత్తు పుట్టునని ఇంగ్లండు దేశీయుడగు ఫారడే 1831లో కనుగొనెను. మన చిన్న యింజనులలో చాలవాటికి ఇదియే ఆధారము. యింజనుతో కూడ తిరుగు ఫ్లైవీలులో అయస్కాంతములు బిగించి యుండును. దానికి దగ్గరగా కదలక యుండు తీగచుట్టలు కలవు. కిక్కు కొట్టగనే అయస్కాంతములు చుట్టలను దాటుచు పోవును, కరెంటు పుట్టును. బ్యాటరీ లేకున్నను స్ప్రేయరు నడచుటకు కారణమిదే. దీనిని మాగ్నెటో యందురు. జర్మనీలో బాష్ కర్మాగారమునందు హోనోల్డ్ అను ఇంజనీరు 1902లో ప్లగ్గుతో కూడ పనిచేయు హెచ్చు వోల్టుల మాగ్నెటోను సిద్ధపరచెను. నేటి యేర్పాటులు దాని సంతతియే.

అయితే చుట్టలో పుట్టు కరెంటు నేరుగా ప్లగ్గు మొనలను దాటజాలదు. గాలి విద్యుత్తునకు గోడవంటిది. అర మిల్లీమీటరునకు కొంచెము మించిన సందును, అదియు సిలిండరులో నొక్కబడిన గాలియందు, దాటుటకు వేలకొలది వోల్టులు వలయును. ఆ బలమును ఇచ్చునది హెచ్.టి. కాయిలు. దానిలో లావు తీగతో కొన్ని చుట్లును, వెండ్రుకవంటి తీగతో వేలకొలది చుట్లును ఒకే యినుప కడ్డీమీద చుట్టబడి యుండును. లావు తీగలోని కరెంటు తటాలున మారినపుడు సన్నతీగలో మహాబలము లేచును. బోరు నీరు పైపులో వడిగా పోవుచుండగా వాల్వును ఒక్కసారిగా మూసినచో పైపు అదరి, ఒక్కొక్కప్పుడు పగులుట మన రైతులు ఎరిగినదే. మెల్లగా మూసిన అట్లు జరుగదు. కాయిలులోను అంతే, మార్పు ఎంత తటాలున జరిగిన రవ్వ అంత బలముగా నుండును.

ఆ మార్పును తెచ్చు సాధనము పాత బండ్లలో ఒక విధము, క్రొత్త బండ్లలో మరొక విధము. పాత రాజ్‌దూత్, యెజ్డీ వంటి బండ్లలో "పాయింట్లు" అను రెండు చిన్న మొనలు తెరచుకొని కరెంటును త్రెంచును. తరువాతి బండ్లలో సి.డి.ఐ. అను నల్లని పెట్టె యుండును. అది మాగ్నెటో యిచ్చు కరెంటును రెండుమూడు వందల వోల్టులవరకు కండెన్సరులో కూడబెట్టి, పికప్ కాయిలు సంజ్ఞ యీయగానే ఒక్క పెట్టున హెచ్.టి. కాయిలులోనికి వదలును. అరుగు భాగములు లేవు గనుక సి.డి.ఐ. మేలైనదే, కాని చెడిపోయినచో గీకి బాగుచేయుటకు వీలులేదు.

లోపము నిప్పులోనే యున్నదా

మొదట ఈ ప్రశ్న తేల్చుకొనవలెను. పది పదునైదు కిక్కులు కొట్టిన తరువాత ప్లగ్గును విప్పి మొనను చూడుడు. పొడిగా నుండి పెట్రోలు వాసన లేనియెడల పెట్రోలు లోనికి పోవుట లేదు. అప్పుడు ట్యాంకు కుళాయిని, కార్బొరేటరును చూడవలెను గాని కాయిలును కాదు. మొన తడిసి పెట్రోలు కారుచున్నయెడల పెట్రోలు వచ్చుచున్నది, మండుట లేదు. అప్పుడే నిప్పును అనుమానింపవలెను. ఈ చిన్న పరీక్షకు ప్లగ్గు పానా తప్ప మరేమియు అక్కరలేదు, అయినను చేయువారు తక్కువ.

ప్లగ్గు ముఖమును చూచి యింజను ఆరోగ్యమును కొంత చెప్పవచ్చును. ఇటుక గోధుమ రంగుల నడుమ నున్న పొడి రంగు మంచిది. వెల్వెటు గుడ్డవలె పొడినల్లని మసి పట్టినచో పెట్రోలు ఎక్కువగుచున్నది, లేక గాలి వడపోత మట్టితో మూసికొన్నది. జిడ్డుగా తడినల్లగా నున్నచో ఆయిలు చేరుచున్నది. పెట్రోలులో ఆయిలు కలుపు రెండు స్ట్రోకుల స్ప్రేయరులలో కొలత లేక చేతివాటముగా ఆయిలు పోయుటవలన ఇది తరచుగా కలుగును. తెల్లగా కాలినట్లున్నచో యింజను అతిగా వేడెక్కుచున్నదని తెలియవలెను. మసి గాని జిడ్డు గాని దళముగా పట్టినపుడు కరెంటు మొనల సందును దాటక, ఆ మసిమీదుగా ప్రక్కదారి పట్టి పోవును. అట్టి ప్లగ్గును పెట్రోలుతో కడిగి, ఇత్తడి బ్రష్షుతో తోమి, బాగుగా ఆరబెట్టి, మొనల సందును సరిచూడవలెను. అనేక చిన్న యింజనులకు సందు 0.6 నుండి 0.8 మిల్లీమీటర్ల వరకు నుండును. మీ బండి పుస్తకములో చెప్పినదే ప్రమాణము. తెల్లని పింగాణీ భాగమున సన్నని చీలిక యున్నను ఆ ప్లగ్గు పనికిరాదు.

రవ్వను చూచు విధము

ఈ పరీక్షకు ముందు కొంత జాగ్రత్త వలయును. తడిసిన యింజనునుండి ప్లగ్గు రంధ్రముగుండా పెట్రోలు ఆవిరి చిమ్మును. రవ్వ దానికి తగిలిన భగ్గుమనును. కావున పెట్రోలు కుళాయి కట్టి, రంధ్రమును గుడ్డతో మూసి, ప్లగ్గును దానికి దూరముగా సిలిండరు తలమీది మరియొక లోహపు చోట ఆనించవలెను. ప్లగ్గును వట్టిచేతితో పట్టుకొనరాదు. రబ్బరు పిడిగల పట్టకారుతో పట్టవలెను. గుండెకు పేస్‌మేకరు యంత్రము అమర్చుకొన్నవారు ఈ పనికి దగ్గరగా నిలువరాదు.

ప్లగ్గును క్యాపులో పెట్టి, దాని లోహపు మరను యింజను లోహమునకు గట్టిగా తాకించి, నీడలో, మరియొకరిచే కిక్కు కొట్టించి చూడుడు. రంగు పూసిన చోట తాకించినచో పరీక్ష తప్పును. లోహము బయటపడిన చోట తాకింపవలెను. నీలముగా, చిటుక్కుమను శబ్దముతో వరుసగా పడు రవ్వ మంచిది. పసుపుగానో ఎఱ్ఱగానో సన్నగా పడునది బలహీనమైనది. అది బయటి గాలిలో కనబడినను లోపల నొక్కబడిన గాలియందు ఆరిపోవచ్చును. "రవ్వ వచ్చుచున్నది, కావున నిప్పు బాగున్నది" అని తొందరపడి తీర్పు చెప్పు మెకానిక్కులు ఈ సంగతిని మరతురు. రవ్వ బలహీనముగా నున్నను, అసలు లేకున్నను, తెలిసిన మంచి ప్లగ్గు నొకదానిని పెట్టి మరల చూడవలెను. ఇంటిలో ఒక మంచి ప్లగ్గు ఎప్పుడును అదనముగా నుండవలెననుట ఇందుకే.

కొందరు ప్లగ్గు లేకయే తీగను గాలిలో వ్రేలాడదీసి, రవ్వ ఎంత దూరము దూకునోయని వేడుక చూతురు. ఇది కూడదు. దాటుటకు దారిలేని బలము కాయిలు లోపలి పొరనో సి.డి.ఐ. పెట్టెనో చీల్చుకొని పోవును. మంచి కాయిలును చంపుటకు ఇదియొక సులభమార్గము.

క్యాపు, తీగ, స్విచ్చి

మంచి ప్లగ్గుతోను రవ్వ రానిచో ఒక అడుగు వెనుకకు పోవలెను. ప్లగ్గుమీది రబ్బరు క్యాపు హెచ్.టి. తీగకు మరవలె తిప్పి బిగించబడి యుండును. దానిని ఎడమకు త్రిప్పి ఊడదీయుడు. డెల్టాలో మేము చూచిన లోపములలో చాలభాగము ఇచ్చటనే దొరకినవి. బండిని సర్వీసు చేయువారు పీడనముతో కొట్టు నీరు క్యాపులోనికి దూరును. పొలము బురద సిలిండరు రెక్కల నడుమ ఎండి, చెమ్మను పట్టియుంచును. సముద్రమునకు చేరువనున్న నాగాయలంక, కోడూరు ప్రాంతములలో ఉప్పుగాలికి రాగి కొనలకు పచ్చని చిలుము పట్టును. తీగ కొనను అర సెంటీమీటరు మేర కత్తిరించి, క్రొత్త రాగి కనబడునట్లు చేసి, క్యాపును మరల బిగించిన, అనేకమార్లు కాసు ఖర్చు లేకుండ రవ్వ వచ్చును. తీగ పొడుగు చాలకుండునట్లు మాత్రము కత్తిరింపకుడు. చీకటిలో యింజను నడచుచుండగా తీగ వెంబడి నీలపు మెరుపులు కనబడినచో పైపొర పగిలినదని అర్థము; ఆ తీగను మార్చవలెను.

క్యాపు లేకుండ తీగకొనను లోహమునకు కొలది మిల్లీమీటర్ల దగ్గరగా పట్టకారుతో పట్టినపుడు రవ్వ వచ్చి, క్యాపు పెట్టిన రానిచో, లోపము క్యాపుదే. అనేక క్యాపులలో సుమారు 5 వేల ఓముల నిరోధకము ఒకటి యుండును. అది కాలి తెగిపోవుట కద్దు.

అటుపిమ్మట ఆపు స్విచ్చి. ఇచ్చట రెండు జాతుల యింజనుల భేదమును తెలిసికొనవలెను. మాగ్నెటోమీదనే నడచు స్ప్రేయరులలోను, పాత మోటారు సైకిళ్లలోను, ఆపు స్విచ్చి కరెంటును త్రెంచదు. దానిని యింజను లోహములోనికి మళ్లించి మాయము చేయును. పిల్లకాలువకు పోవలసిన నీటిని తూము తెరచి మురుగులోనికి వదలినట్లే. కావున ఆ స్విచ్చి తీగ ఎచ్చట ఒరసికొని లోహమునకు తగిలినను, స్విచ్చి నొక్కకయే యింజను ఆగిపోవును. పైన చెప్పిన సభ్యునికి జరిగినది ఇదియే. పరీక్ష సులభము: ఆ తీగను జోడువద్ద విడదీసి కిక్కు కొట్టవలెను. అప్పుడు రవ్వ వచ్చినచో కాయిలు నిర్దోషి. దోషము స్విచ్చిలోనో, తాళములోనో, ఆ తీగలోనో యున్నది. తీగ విడదీసి నడిపించు యింజను స్విచ్చితో ఆగదు గనుక, చోకు మూసియో, పెట్రోలు కట్టియో ఆపవలసివచ్చునని ముందే తెలిసియుండవలెను.

బ్యాటరీమీద నిప్పు పుట్టు క్రొత్త బండ్లలో వ్యవహారము తలక్రిందులు. వాటిలో తాళమును స్విచ్చియు కరెంటును లోనికి పంపును. తీగ తెగినచో నిప్పు పోవును. బ్యాటరీ బాగుగా పడిపోయిన, కిక్కు ఎంత కొట్టినను ఫలము తక్కువ. హారను గొంతు పీలగా నున్నదా, దీపము మసకగా నున్నదా యని చూచుట ఇట్టి బండ్లలో మొదటి పరీక్ష. బ్యాటరీ కొనలకు పట్టిన తెల్లని పొడిని వేడినీటితో కడిగి బిగించిన సరిపడు సందర్భములు పెక్కు. ప్రక్క స్టాండు దిగియున్నచో యింజనును నడువనీయని యేర్పాటు కూడ పలు క్రొత్త బండ్లలో కలదు. స్టాండు మూల బురద గట్టిపడి, స్టాండు లేచినను స్విచ్చి లేవక, బండి మొండికెత్తును. అరచెంబు నీటితో తీరు రోగమిది.

కాయిలు, సి.డి.ఐ., మాగ్నెటో

ఇంతవరకు వచ్చియు రవ్వ దొరకనిచో, అప్పుడు కాయిలువైపు చూడవలెను. కొలది వందల రూపాయలకు దొరకు మల్టీమీటరు ఇచ్చట ఉపయోగపడును. హెచ్.టి. కాయిలు లావుచుట్టలో కొలత ఒక ఓము లోపునుండి కొన్ని ఓములవరకు మాత్రమే యుండును; సన్నచుట్టలో క్యాపు తీసి కొలిచిన వేల ఓములుండును. ముల్లు గాని అంకె గాని అసలు కదలనిచో లోని తీగ తెగినది. సరియైన అంకె ప్రతి బండికిని వేరు గనుక, అదే రకపు మంచి బండి దొరికినచో దాని కాయిలును కొలిచి పోల్చుకొనుట ఉత్తమము. అంతకంటె ఉత్తమము, యజమాని యొప్పుకొన్నచో, ఆ కాయిలునే పది నిమిషములు అరువు తెచ్చి పెట్టి చూచుట. పల్లెలో ఒకే రకపు బండ్లు పది యుండుట ఇట్టివేళ మేలు.

సి.డి.ఐ. పెట్టెను మల్టీమీటరుతో తేల్చుట కష్టము. దానిని మంచిదానితో మార్చి చూడవలసినదే. కాని దానిని నిందించుటకు ముందు దానికి వచ్చు తీగల జోళ్లన్నింటిని విడదీసి, చిలుము తుడిచి, మరల బిగింపుడు. పికప్ కాయిలునకు సాధారణముగా వంద మొదలు కొన్ని వందల ఓముల నిరోధముండును. ఎలుకలు తీగల పైపొరను కొరుకుటయు మరువరాని కారణము. ధాన్యపు కొట్టులో నిలిపిన బండికి ఈ గండము మరీ హెచ్చు.

పాయింట్ల బండి యింకను వాడువారు కొందరు కలరు. 1980లో వచ్చిన టీవీయస్ 50 కాలపు మోపెడ్లను నేటికిని కదలించుచున్న వృద్ధులను మేమెరుగుదుము. పాయింట్ల మొనలు మాడి గుంటలు పడినచో సన్నని ఉప్పుకాగితముతో తేలికగా నునుపుచేసి, కాగితపు పొడి నిలువకుండ తుడిచి, పూర్తిగా తెరచుకొన్నపుడు సందు 0.3 నుండి 0.4 మిల్లీమీటర్లుండునట్లు ఫీలరు గేజితో సరిచేయవలెను. మొనలు మాటిమాటికి మాడుచున్నచో దోషము కండెన్సరుది.

స్ప్రేయరులోను గడ్డికోత యంత్రములోను కాయిలు, దాని యెలక్ట్రానిక్ భాగము ఒకే ముద్దగా ఫ్లైవీలు అంచునకు ఎదురుగా బిగించియుండును. రెండింటి నడుమ సందు సుమారు 0.3 మిల్లీమీటర్లుండవలెను, అనగా ఒక విజిటింగు కార్డు మందము. మరలు వదులై కాయిలు దూరము జరిగిన రవ్వ చచ్చును. దగ్గరకు జరిగిన ఫ్లైవీలునకు రాచుకొనును. సీజను తరువాత మందు నీటితోనే పాకలో పడవేసిన యంత్రములలో ఫ్లైవీలు అంచున తుప్పు పట్టుట మామూలు. తుప్పును గీకి, కార్డు నడుమ పెట్టి, కాయిలును అయస్కాంతము తనంతట లాగుకొననిచ్చి మరలు బిగించి, కార్డు లాగివేయవలెను. ఇంతకంటె కచ్చితమైన పరికరము పొలములో అక్కరలేదు.

ఇక రవ్వ నీలముగా మంచిదే, పెట్రోలును వచ్చుచున్నది, అయినను యింజను కాలిని వెనుకకు తన్నును, సైలెన్సరులో టపటప పేలును. అప్పుడు రవ్వ సమయము తప్పినదని గ్రహింపవలెను. ఫ్లైవీలును ఇరుసునకు నిలిపి యుంచు చిన్న యినుప చీల తెగి, ఫ్లైవీలు కొంచెము తిరిగిపోయిన ఇట్లగును. ఫ్లైవీలు నట్టు వదులైనపుడు ఇది జరుగును. ఫ్లైవీలును సుత్తితో కొట్టి ఊడదీయకుడు, అయస్కాంతములు పగులును. పుల్లరు గల మెకానిక్కు వద్దకే పోవలెను.

వేడెక్కిన తరువాత ఆగు యింజను

ఇది అన్నింటికంటె మోసకరమైన రోగము. యింజను ఉదయము మొదటి కిక్కుకే పలుకును. ఇరువది నిమిషములు నడచి నడిచేలో ఆగును. రైతు చెట్టునీడను కూర్చుండి చుట్ట కాల్చి లేచునప్పటికి మరల నడచును. మెకానిక్కు వద్దకు తీసికొనిపోయిన అక్కడ చక్కగా నడచి యజమానిని అబద్ధికుని చేయును.

దీనికి రెండు ముఖ్యకారణములు కలవు. కాయిలులోని వెండ్రుకతీగ వేడికి సాగి, లోని పగులువద్ద విడిపోవుట ఒకటి. చల్లారిన మరల కలియును. చల్లగా నున్నపుడు మల్టీమీటరుతో కొలిచిన అంకె సరిగనే వచ్చును గనుక మోసపోవుదుము. రెండవది నిప్పునకు సంబంధించినదే కాదు. పెట్రోలు ట్యాంకు మూతలో గాలి పోవు సన్నని రంధ్రముండును. అది మట్టితో పూడినచో, పెట్రోలు దిగినకొలది ట్యాంకులో గాలి కొరవడి, పెట్రోలు ఆగిపోవును. కొంతసేపటికి గాలి ఎట్లో దూరి మరల నడచును. లక్షణములు రెండింటికిని ఒక్కటే.

తేల్చుకొను మార్గమిది. యింజను ఆగిన ఆ క్షణమున, చల్లారనీయక, ట్యాంకు మూత తెరువుడు. బుస్సుమని గాలి లోనికి పోయి, వెంటనే యింజను అందుకొన్నచో దోషము మూతది. అట్లు కానిచో వెంటనే ప్లగ్గు విప్పి రవ్వను చూడుడు. యింజను కాలుచుండును, గుడ్డ చుట్టుకొని పనిచేయుడు. వేడిమీద రవ్వ లేక, చల్లారిన తరువాత వచ్చినచో, అనుమానములేక కాయిలు గాని, పికప్ గాని, సి.డి.ఐ. గాని వేడికి తాళలేకున్నది. ముందుగా కాయిలును మార్చి చూడవలెను. ఈ పరీక్షకు ప్లగ్గు పానాను జేబులో పెట్టుకొని పొలమునకు పోవుట తప్ప గత్యంతరము లేదు.

ఇంధనమును ఇంజెక్షనుతో చిమ్ము బండ్లు 2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజి 6 నియమములు అమలులోనికి వచ్చిన నాటినుండి ఎక్కువైనవి. వాటిలో ఒక చిన్న కంప్యూటరు నిప్పును, పెట్రోలును కలిపి నడిపించును. యింజను గుర్తుగల పసుపుదీపము ఆరక వెలుగుచున్నచో, ప్లగ్గు, క్యాపు, బ్యాటరీ, స్టాండు స్విచ్చి వరకు మీరు చూచుకొని, తరువాతి పని ఆ దీపపు సంకేతమును చదువగల పరికరము ఉన్నచోటనే చేయించుడు. తీగలను త్రెంచి సూటిగా కలుపు పాత ఉపాయములు ఇచ్చట సాగవు, కంప్యూటరు కాలును.

వరద నీట మునిగిన బండి

2024 సెప్టెంబరు 1వ తేదీని బుడమేరు నీరు విజయవాడలో సింగ్‌నగరు, పాయకాపురము, రాజరాజేశ్వరీపేట మొదలగు పేటలను ముంచివేసినది. ఆ మరునాడు ప్రకాశము బ్యారేజివద్ద కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులకు పెరిగినది. 2009 అక్టోబరు నాటి వరదకంటెను అది హెచ్చు. వాకిళ్లలో నిలిపిన మోటారు సైకిళ్లు దినములకొలది నీటిలో నుండెను. నీరు తీసిన వెంటనే ఆతురతతో కిక్కు కొట్టుట, స్టార్టరు నొక్కుట పెద్ద నష్టమునకు దారితీయును. గాలి నొక్కబడును గాని నీరు నొక్కబడదు. సిలిండరులో నీరుండగా పిస్టను పైకి వచ్చిన, కనెక్టింగు రాడ్డు వంగును. బీమా గల బండి నైతే, బీమావారికి తెలిపి వారు చూచువరకు యింజనును కదలింపరాదు. మునిగిన తరువాత నడిపించుటవలన కలిగిన నష్టమును వారు ఒప్పుకొనకపోవచ్చును.

ముందు బ్యాటరీ తీగ ఊడదీయుడు. ప్లగ్గు విప్పి, తాళము తీసియే యుంచి, కిక్కును చేతితో మెల్లగా కదపి నీటిని వెళ్లగొట్టవలెను. ఆయిలు పాలవలె తెల్లబడినచో నీరు కలిసినది; పూర్తిగా తీసి క్రొత్తది పోయవలెను. పెట్రోలు ట్యాంకును, కార్బొరేటరును ఖాళీచేసి, గాలి వడపోతను మార్చవలెను. తరువాత నిప్పు సంగతి. మాగ్నెటో మూతను విప్పి, లోని ఒండ్రును మంచినీటితో కడిగి, తుడిచి, రెండు దినములు గాలికి ఆరనీయవలెను. పొయ్యివద్ద పెట్టి ఆరబెట్టకుడు. తీగల పైపూత కరగును. తీగల జోళ్లను ఒక్కొక్కటిగా విడదీసి ఆరబెట్టవలెను. వరదనీటి మురికి జోళ్లలో నిలిచినచో నేడు నడచిన బండి నెల తరువాత చిలుముతో ఆగును. కొద్దిదినములు నడచిన పిమ్మట ఆయిలును మరియొకమారు మార్చుట మంచిది.

విడిభాగములు కొనునపుడు

పరీక్షలో దోషి తేలిన తరువాతనే విజయవాడకు బస్సు ఎక్కవలెను. వన్ టౌనులో కాళేశ్వరరావు మార్కెట్టు ప్రక్కలకు ఇతర సరకులకై పోవు సభ్యులు విడిభాగములను కూడ ఆ ప్రయాణములోనే చూచుకొందురు. బండి పనికి ఆటోనగరు ప్రసిద్ధము. ఎచ్చటికి పోయినను పాత వస్తువును చేతబట్టుకొని పోవుడు. ప్లగ్గుమీద అక్షరములును అంకెలును ముద్రించి యుండును; అవి మర పొడుగును, వేడిని తాళు గుణమును తెలుపును. మర పొడుగైన ప్లగ్గు పిస్టనునకు తగులును, పొట్టిదైన మసి పట్టును. "ఇది కూడా పడుతుందండి" అని చెప్పినంతమాత్రమున తీసికొనకుడు. పేరుపొందిన ప్లగ్గులకు నకళ్లు బజారులో కలవు. పెట్టెమీది అచ్చు మసకగా నున్నను, మొన వంకరగా నున్నను విడిచిపెట్టవలెను. బిల్లు అడిగి తీసికొని, దానిపై బండి పేరును, ఏడును వ్రాయించుకొనుడు. ఇంటికి వచ్చి క్రొత్తది బిగించి నడచిన తరువాత, పాత ప్లగ్గు ఇంకను మంచిదైనచో పారవేయక, కడిగి, కాగితములో చుట్టి, పానాతో కూడ బండి పెట్టెలో ఉంచుడు. రవ్వ చూచుటకు అది పనికివచ్చును.